వాసనేం లేదు

జులై 7, సోమవారం

ప్రాజెక్టు షైనీకి వచ్చింది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ నారాయణమూర్తిగారు స్వయంగా స్టాఫ్ రూముకి వచ్చి చెప్పారు. కాకినాడ అవతల బొగ్గుని పొయ్యిల్లో వేడిచేసి, గంధకం తగ్గించి అమ్మే కంపెనీ ఒకటుంది. అలా శుద్ధి చేశాక ఆ బొగ్గులో పైరైట్ ఎంత మిగిలిందో కొలిచి చెప్పాలి. పైరైట్ అంటే ఇనుమూ గంధకమూ కలిసిన రాయి. బొగ్గులో బంగారప్పొడిలా మెరుస్తుంది, కాలిస్తే ఊరి మీద ఘాటు పొగ. ఆ పని కోసం నేనూ దరఖాస్తు పెట్టాను, షైనీ కూడా పెట్టింది. ఒకే ఇంట్లోంచి రెండు దరఖాస్తులు. నాది ప్రింటు తీసి, తప్పులు దిద్ది, నా చేతికిచ్చింది కూడా తనే.

ప్రిన్సిపాల్ గారు తాపేశ్వరం కాజాలు తెప్పించారు. "తీసుకోండి కృపారావుగారూ, ఇక మీదట మీరు డాక్టర్ షైనీ మేడం గారి తాలూకండి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నోటినిండా కాజా ఉంది కాబట్టి జవాబు చెప్పక్కర్లేకపోయింది.

ఈ కాలేజీలో తనకి ఉద్యోగం వేయించింది నేను. బ్యూరెట్ మర ఎలా తిప్పాలో, ఆఖరి చుక్కని సగం చుక్కగా ఎలా దింపాలో పెళ్ళయిన కొత్తలో చెయ్యి పట్టుకుని నేర్పింది నేను. తర్వాత తను పీహెచ్‌డీ చేసింది. నాది మధ్యలో ఆగింది. దానికి కారణాలున్నాయి.

నాకేం బాధ లేదు.

జులై 8

నిజంగానే లేదు.

జులై 12, శనివారం

పొద్దున్నే పాలగిన్నె నా ముక్కు కింద పెట్టింది. "ఏవండీ, బావున్నాయా?" బావున్నాయన్నాను. కాఫీ పెట్టింది.

కోవిడ్ రెండోసారి వచ్చినప్పుడు షైనీకి వాసన పోయింది. అందరికీ నెలకో రెండు నెలలకో తిరిగి వచ్చింది, తనకి రాలేదు. మల్లెపూల వాసనా లేదు, మాడిన కూర వాసనా లేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. పాలు, పెరుగు, చేపలు, నిన్నటి పప్పుచారు, ఏదైనా సరే నా ముక్కు దగ్గరికి వచ్చి వెళ్ళాల్సిందే. సిలిండరు మార్చిన రోజు నేను వంటింట్లో ఓ చుట్టు తిరిగి, ఊఁ అంటేనే స్టవ్ వెలిగిస్తుంది. పెరట్లో బట్టలారేసుకుంటున్న మరిడమ్మగారు గోడ మీంచి చూసి, "ఏంటండీ మేష్టారూ, రోజూ ఆ వాసన చూట్టం" అని ఒకటే నవ్వు. మా ఇంటికీ కాలేజీ ల్యాబుకీ మధ్య ఆవిడ ఇల్లు.

ఇవాళ రొయ్యలు తెచ్చాను. దోసిట్లో పట్టుకొచ్చి చూపించింది. నిజం చెప్పాలంటే నాకది ఇష్టం. కాలేజీలో డాక్టర్ షైనీ అయితే కావచ్చు, ఇంట్లో నేను ఊఁ అంటేగానీ పొయ్యి వెలగదు.

జులై 16, బుధవారం

బొగ్గు సంచులు వచ్చాయి. కొన్ని గనిలోంచి వచ్చినవి వచ్చినట్టు, కొన్ని కంపెనీ వేడిచేసి శుద్ధి చేసినవి.

పద్ధతి పాతదే. బొగ్గుపొడిని ముందు హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో మరిగించాలి. తుప్పులాంటి ఇనుమంతా అందులోకి దిగిపోతుంది. పైరైట్ మటుకు ఆ ఆసిడ్‌కి లొంగదు, బొగ్గులోనే కూర్చుంటుంది. వడగట్టి, మిగిలిన పొడిని నైట్రిక్ ఆసిడ్‌లో వేస్తే అప్పుడు లొంగుతుంది. ఆ రెండో ఆసిడ్‌లోకి ఎంత ఇనుము దిగిందో కొలిస్తే పైరైట్ ఎంతుందో తెలిసిపోతుంది. ఇనుముని కొలిచి గంధకాన్ని లెక్కగట్టడమన్నమాట.

షైనీ పచ్చి బొగ్గుతో మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి, ఫిల్టర్ పేపర్ అలా మడవకూడదు, ఇలా మడవాలి అన్నాను. "ఆయ్, అలాగే చేస్తానండి" అంది. చివర్లో లెక్క వేసేటప్పుడు నేనే దశాంశం ఒక స్థానం పక్కన పెట్టాను. తను చూసింది. ఏమీ అనకుండా, పెన్సిల్‌తో మెల్లిగా సరిచేసింది. అన్నా బావుండేది. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. అదీ నవ్వుమొహంతో.

జులై 19

పెద్ద సంగతులేం లేవు. ప్రిన్సిపాల్ గారు నన్ను సందులో ఆపి, "మేడం గారి వర్కెలా ఉందండీ" అని అడిగారు. నా వర్కు సంగతి అడిగి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియాలి.

జులై 23, బుధవారం

ఇవాళ మొదటిసారి శుద్ధి చేసిన బొగ్గు.

క్లాసులయిపోయాక టిఫిన్ పట్టుకుని ల్యాబుకెళ్ళాను. తలుపు తియ్యగానే కొట్టింది, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. గుమ్మంలోనే ఆగిపోయాను. మొదటి ఆసిడ్ ఇంకా ఫ్లాస్కులో మరుగుతోంది. షైనీ దాని మీదికి వంగి ఏదో చర్చి పాట కూనిరాగం తీసుకుంటోంది. పక్క గదిలో డిగ్రీ పిల్లల ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. వాళ్ళకి ఈ కంపు రోజూ ఉండేదే, ఎవరూ తల తిప్పి చూడలేదు.

నాకు అర్థమైపోయింది. పదిహేడేళ్ళు పాఠం చెప్పినవాడికి ఆ మాత్రం తెలియదా? పైరైట్‌ని బాగా వేడిచేస్తే దాంట్లో గంధకం సగమే పోతుంది. మిగతా సగం ఇనుముని పట్టుకుని వేరే సల్ఫైడ్‌గా మారి అక్కడే ఉంటుంది. ఈ కొత్తది పైరైట్‌లా మొండిది కాదు, మొదటి ఆసిడ్ తగలగానే కరిగిపోతుంది. దాని గంధకమంతా కంపు గ్యాసయి కిటికీలోంచి పోతుంది. రెండో ఆసిడ్ దాకా వచ్చేసరికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. దొంగ పెరటిగుమ్మంలోంచి పారిపోతుంటే, వీధిగుమ్మం దగ్గర కాపలా కాసి ఇంట్లో దొంగే లేడని రాసుకున్నట్టు.

సాయంత్రం ఫలితం వచ్చింది. పైరైట్ దాదాపు లేదు. షైనీ మొహం వెలిగిపోయింది. "చూసేరా, కంపెనీవాళ్ళు చెప్పిందే నిజమండీ!" అంది.

బావుందన్నాను. చెప్పాలనే అనుకున్నాను. కానీ తను అంత సంతోషంగా ఉన్నప్పుడు చెప్పడం బావుండదని ఊరుకున్నాను. రేపు చెప్తాను.

జులై 24, గురువారం

అన్నం తింటుంటే తనే అడిగింది.

మొదటి ఆసిడ్‌లో ఇనుము ఉండాల్సిన దానికన్నా ఎక్కువొస్తోందట. వేడికి తుప్పు పట్టి అలా అయ్యుండొచ్చు, లేదా పైరైట్ మారిపోయి ఇంకో సల్ఫైడ్ అయ్యుండొచ్చు. సల్ఫైడ్ అయితే కోడిగుడ్డు కంపు కొట్టాలి. "నాకా తెలీదు. మీరు నిన్న ల్యాబుకొచ్చేరు కదా, వాసనేమైనా వచ్చిందాండీ? లేకపోతే లెడ్ ఎసిటేట్ కాగితం పెట్టి, నల్లబడుతుందేమో చూద్దామా?"

అంతా తనే ఆలోచించేసింది. ఎక్కడ అనుమానించాలో సరిగ్గా అక్కడే అనుమానించింది. నాకు మెచ్చుకోవాలనిపించలేదు. ఒళ్ళు మండింది.

చెప్పాను.

జులై 25

నిన్న ఏం చెప్పానో రాయలేదు.

వాసనేం లేదన్నాను. నేనుండగా కాగితాలెందుకు, నా ముక్కు మీద నమ్మకం లేదా అని కూడా అన్నాను. "అయ్యో, అదేం మాటండీ" అని నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

మొన్న నాకు కొంచెం జలుబుగా ఉన్న మాట నిజం. పక్క గది ప్రాక్టికల్స్‌లో కూడా అదే గ్యాసు వాడతారు, అదీ నిజమే. అది షైనీ ఫ్లాస్కులోంచే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. రుజువు లేకుండా ఒకళ్ళ పనిలో తప్పుందని అనకూడదు.

జులై 29, మంగళవారం

ఇవాళ పక్క గదిలో ప్రాక్టికల్స్ లేవు. కంపు ఉంది.

ఇంటికొస్తుంటే మరిడమ్మగారు గుమ్మంలో ఆపేరు. రెండు మూడు రోజులుగా మధ్యాహ్నం పూట గ్యాసు కంపు కొడుతోందట, సిలిండరుకి కొత్త వాషరు వేయించినా పోలేదట. ఆవిడది నగరం అనే ఊరు. అక్కడ గ్యాసు పైపు మంటలప్పుడు తెల్లవారుజామున కట్టుబట్టలతో కొబ్బరితోటల్లోకి పరిగెత్తిన మనిషి. ఎడంచెయ్యి మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి ఉంటుంది. ఆ తర్వాతే ఇల్లు అమ్ముకుని అమలాపురం వచ్చేశారు. ఇప్పటికీ అగ్గిపుల్ల గీసే ముందు గాలి పీలుస్తుంది.

"మీకు రాట్లేదాండీ మేష్టారూ?" అని అడిగింది.

మురుక్కాలవండీ, వానలకి పొంగి ఉంటుంది, భయపడకండి అన్నాను. "మీరు చెప్పేరు కదా, అయితే పర్లేదు" అంది.

ఆగస్టు 2, శనివారం

కంపెనీవాళ్ళు కారు వేసుకుని వచ్చారు. శుద్ధి చేసిన బొగ్గు నమూనాలన్నింట్లోనూ పైరైట్ దాదాపు సున్నా. ప్రిన్సిపాల్ గారికి శాలువా, షైనీకి శాలువా. విశాఖపట్నంలో బొగ్గు మీద పెద్ద సదస్సుందట, ఇరవై రెండున. షైనీ మాట్లాడాలట. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వస్తారట. కొత్త బొగ్గు మీద ఇంకో పాతిక నమూనాలు చేసి పెట్టమన్నారు.

గ్రూపు ఫోటో తీసేటప్పుడు ఫోటోగ్రాఫరు నన్ను కొంచెం పక్కకి జరగమన్నాడు. జరిగాను. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిగితే కారిడారు.

ఇక్కడ రాసుకుంటే ఎవరు చూస్తారు? రాస్తాను. ఆ సదస్సులో ఎవరో ఒక తెలివైనవాడు లేచి, మొదటి ఆసిడ్‌లో మీ గంధకం ఏమైందమ్మా అని అడుగుతాడు. షైనీకి జవాబు ఉండదు. మొహం వాడిపోతుంది. ఇంటికొచ్చి ఏడుస్తుంది. అప్పుడు నేను పక్కన కూర్చుని, పోనీలే, ఎవరికైనా జరుగుతుంది, ఇద్దరం కలిసి మళ్ళీ చేద్దాం అంటాను. బ్యూరెట్ నేను పట్టుకుంటాను. ఇదే సీను రోజుకి నాలుగైదు సార్లు కళ్ళ ముందుకొస్తోంది. ప్రతిసారీ షైనీ నా భుజం మీద తల పెడుతుంది. అందులో ఆమెకి జరిగే నష్టమేముంది?

ఆగస్టు 6, బుధవారం

షైనీకి తలనొప్పి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మండుతున్నాయంటోంది. పనెక్కువై అనుకుంటోంది.

నేను స్టోరు రూములోంచి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను తెచ్చి, ఎలక్ట్రీషియన్ని పిలిచి, ల్యాబు కిటికీకి బిగించాను. "నా గురించి ఎంత ఆలోచిస్తారండీ" అంది. మరి ఆలోచించనా? భార్య తలనొప్పితో ఉంటే ఫ్యాను పెట్టేవాళ్ళు ఎంతమందుంటారు?

ఫ్యాను గాలి మరిడమ్మగారి పెరట్లోకి పోతుంది. ఇంకోవైపు కిటికీ లేదు.

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో షైనీని సాక్ష్యం చెప్పమన్నారు. వెళ్ళి మైకు ముందు నిలబడింది. నెమలికంఠం రంగు చీర, నేను కొన్నదే.

"దేవుడు నా దగ్గర్నించి వాసన తీసేసుకున్నాడండీ. నేను చాలా ఏడ్చేను. కానీ దానికి బదులు మా ఆయన ముక్కు నాకిచ్చేడండీ. ఇంట్లో ఆయనే, ల్యాబులో ఆయనే" అంది. చర్చంతా ఘొల్లున నవ్వింది. చప్పట్లు కొట్టారు. పక్కనున్న పెద్దాయన నా తొడ మీద చరిచాడు.

పాస్టరుగారు తర్వాత ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. బయటికొచ్చాక బండి తాళం చేతిలోనే ఉంది, ఎక్కడ పెట్టానా అని జేబులన్నీ వెతికాను. ఇవాళ చెప్పేస్తాను. భోజనం కాగానే చెప్పేస్తాను.

భోజనం కాగానే తనకి కంపెనీ నుంచి ఫోనొచ్చింది. గంటసేపు నవ్వుతూ మాట్లాడింది. నేను అలా కూర్చునే ఉన్నాను, తను నా వైపు చూడనైనా లేదు. ఇక చెప్పబుద్ధి కాలేదు.

ఆగస్టు 12

చెప్పలేదు.

ఆగస్టు 14, గురువారం

మొదట్నించీ వరసగా రాస్తాను.

రేపు సెలవని షైనీ ఇవాళే ఎక్కువ ఫ్లాస్కులు పెట్టింది. అన్నీ ఒకేసారి, అన్నీ శుద్ధి చేసిన బొగ్గే. సన్నగా వాన పడుతోంది, గాలి కదలట్లేదు. నేను స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుకుంటున్నాను. మూడున్నర ప్రాంతంలో సందులోంచి అరుపులు వినిపించాయి.

మరిడమ్మగారు. పొయ్యి ఆర్పేసి, మెయిన్ స్విచ్ కట్టేసి, సందులోకి పరిగెత్తి ప్రతి గుమ్మం కొడుతోంది. "గ్యాసండీ, గ్యాసు! పొయ్యిలార్పండి! లైటేయకండి, సెల్లు ముట్టుకోకండి! బయటికి రండి!" గ్యాసు పైపు మంటలు చూసిన ఈ సీమలో ఆ మాట ఎవరన్నా రెండోసారి అడిగేవాళ్ళుండరు. పిల్లలు, ముసలివాళ్ళు, స్నానం మధ్యలోంచి లేచొచ్చిన ఒకాయన తువ్వాలుతో, అందరూ వానలో నిలబడ్డారు. మంచంలో ఉన్న ఒక తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. మూల మీది ఇంట్లో పెళ్ళి వంటలు, వంటాయన డేకిసాల కింద మంటల మీద బిందెలతో నీళ్ళు గుమ్మరించేశాడు. ఉడుకుతున్న అన్నం అలాగే ఉండిపోయింది. మరిడమ్మగారు మాత్రం నిలబడలేక కాలవ గట్టు మీద కూలబడిపోయింది. ఆ కాలిన చెయ్యి రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఊగిపోతోంది. ఆవిడ పళ్ళు టకటకలాడడం నాకు వినిపించింది.

ఎవరో పెద్ద రోడ్డు దాకా వెళ్ళి ఫోన్ చేస్తే గ్యాసువాళ్ళు జీపులో వచ్చారు. చేతిలో చిన్న మీటరు. ఇంటింటికీ తిరిగారు. గ్యాసు లీకు ఎక్కడా లేదు. కానీ కంపుందండీ అన్నాడు వాళ్ళల్లో పెద్దాయన. గాలి పీలుస్తూ పీలుస్తూ వచ్చి మా ల్యాబు కిటికీ కింద, నేను పెట్టిన ఫ్యాను కింద ఆగాడు.

అప్పుడే షైనీ చేతి తొడుగులతో బయటికొచ్చింది. "ఏమైందండీ?" అంది. ఆయన, అమ్మా, ఇంత కంపు మీకు తెలియట్లేదా అన్నాడు.

"నాకు వాసన తెలీదండీ. మా ఆయనకి తెలుస్తుంది. ఏవీ లేదన్నారే" అంది షైనీ. అంటూనే జనంలో నన్ను వెతుక్కుంది. అప్పటికింకా తన మొహంలో నమ్మకమే ఉంది.

మరిడమ్మగారు గట్టు మీంచి తలెత్తింది. "మేష్టారికి నేను అప్పుడే చెప్పేనమ్మా. మురుక్కాలవన్నారు" అంది. తప్పుపట్టి అన్న మాట కాదు. పాపం, నన్ను సాక్ష్యానికి పిలిచింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నా జలుబు సంగతి ఎత్తాను. ఎవరూ అడగలేదు.

షైనీ దగ్గరికొచ్చింది. "ఎప్పట్నించి వస్తోందండీ?" అంది. మామూలు గొంతు. పాల గురించి అడిగినట్టే అడిగింది.

"ఏది?" అన్నాను.

తను చేతి తొడుగులు విప్పి, వెళ్ళి మరిడమ్మగారి పక్కన ఆ బురదలోనే కూర్చుని, ఆవిడ వణుకు తగ్గేదాకా వీపు రాసింది.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా ఎగరేశాక అందరూ చాక్లెట్లు తీసుకుని ఇళ్ళకెళ్ళారు. షైనీ ల్యాబుకెళ్ళింది. రమ్మనలేదు, వద్దనలేదు. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

అల్మరా పై అరలోంచి లెడ్ ఎసిటేట్ సీసా తీసింది. కొంచెం నీళ్ళలో కలిపి, ఫిల్టర్ పేపర్ ముక్క ముంచింది. ఫ్లాస్కులో బొగ్గుపొడి మీద ఆసిడ్ పోసి, ఆ కాగితాన్ని మూతి మీద పెట్టింది. ఒక నిమిషం పట్టిందో లేదో, తెల్ల కాగితం కాటుకలా నల్లబడింది.

ఆ సీసా ఎప్పుడూ అక్కడే ఉంది. నాకన్నా తనకే బాగా తెలుసు. కాగితం చేసుకోవడం చేతకాక కాదు నన్నడిగింది.

షైనీ ఆ నల్ల కాగితాన్ని బల్ల మీద ఆరబెట్టింది. నేను నాలుగు మాటలు చెప్పాను. జలుబన్నాను, తెలియలేదన్నాను, తర్వాత భయమేసిందన్నాను. చివరికి, "నాకు కుళ్ళు పుట్టింది షైనీ" అన్నాను. ఇంతకాలానికి ఒక నిజం చెప్పాను.

"తెలుసండీ" అంది. "మీ దరఖాస్తు నేనే దిద్దేను కదా, అప్పుడే తెలుసు. నా మీద కుళ్ళుకున్నా సర్దుకుపోదును. ఆవిడ అన్నాళ్ళు భయపడుతుంటే మీరు మురుక్కాలవని చెప్పేరు."

అంటూనే ఇంకో ఫ్లాస్కు తీసింది.

ఆగస్టు 18, సోమవారం

కంపెనీకి తనే ఫోన్ చేసింది. ఇచ్చిన ఫలితాలన్నీ తప్పు, పైరైట్ పోలేదు, వేషం మార్చుకుని అక్కడే ఉంది అని చెప్పింది. వాళ్ళు కేకలేశారు. ప్రిన్సిపాల్ గారు తలుపేసి అరగంట తిట్టారు. ఇంత అనుభవముండి చిన్న పరీక్ష ఎలా మర్చిపోయారండీ అని ఆయన అంటుంటే బయట బెంచీ మీద కూర్చుని అంతా విన్నాను.

"నా పొరపాటేనండి. చెయ్యాల్సిన పరీక్ష నేను చెయ్యలేదండి" అంది షైనీ. నా పేరు ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఎత్తలేదని తెలిశాక ఊపిరి వదలడానికి సిగ్గేసింది.

మరిడమ్మగారింటికి వెళ్ళి క్షమించమన్నాను. లోపలికి పిలిచి కుర్చీ వేసింది. టీ ఇచ్చింది. "ఆయ్, పర్లేదండి" అంది. మేష్టారూ అని మాత్రం అనలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

షైనీ విశాఖపట్నం వెళ్ళింది. రద్దు చేసుకుంటుందనుకున్నాను. చేసుకోలేదు. మాట్లాడాల్సిన విషయం మార్చుకుంది. పచ్చి బొగ్గు కోసం పెట్టిన పద్ధతి శుద్ధి చేసిన బొగ్గుకి ఎందుకు పనికిరాదో, తను ఎలా బోల్తా పడిందో, మొదటి ఆసిడ్‌లోంచి పోయే గ్యాసుని పట్టి ఎలా కొలవాలో, అదే చెప్పింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టారట. ఒక పెద్ద ప్రొఫెసరు, ముప్ఫై ఏళ్ళుగా మేమంతా కళ్ళు మూసుకుని చేస్తున్నామమ్మా అన్నాడట. కంపెనీవాళ్ళు మళ్ళీ పని ఇస్తామన్నారట. చివర్లో కృతజ్ఞతలు చెబుతూ షైనీ, ఎవరో మరిడమ్మగారట, ఆవిడ పేరు చెప్పిందట. "ఎవరండీ ఆవిడ? ప్రొఫెసరా?" అని అడిగారు.

మా పక్కింటావిడండి అన్నాను. నా పేరు చెప్పిందా అని అడగబోయి ఆగాను. చెప్పి ఉంటే ఆయనే ముందు చెప్పేవారు.

ఇంత జరిగాక కూడా కుళ్ళుకున్నాను. షైనీకి చప్పట్లని కాదు. ఆ పేరు నాది కాదని.

ఆగస్టు 24, ఆదివారం

తెల్లవారుజామునే మార్కెట్టుకెళ్ళి రొయ్యలు తెచ్చాను. బుట్టలో ఇంకా మీసాలు కదుపుతున్నాయి. బేరమాడలేదు. తెచ్చి వంటింట్లో గట్టు మీద పెట్టి, చెంబుతో నీళ్ళు తాగుతున్నట్టు అక్కడే నిలబడ్డాను.

షైనీ ఊరినుంచి వచ్చినప్పట్నుంచీ నాతో బాగానే మాట్లాడుతోంది. భోజనానికి రండి అంటోంది, చొక్కా ఇస్త్రీ చేసి తలుపు మీద వేస్తోంది. కసరడం లేదు, మూతి ముడవడం లేదు. మొదట నాకు తేడా తెలియలేదు కూడా. నిన్న కాఫీ తాగుతుండగా తెలిసింది, పాలగిన్నె నా దగ్గరికి రాలేదు.

రొయ్యల్ని గిన్నెలోకి వంచింది. నీళ్ళు పోసింది. దోసిట్లోకి తీసుకుంది. నేను చెంబు గట్టు మీద పెట్టి ఒక అడుగు ముందుకేశాను. తల కూడా కొంచెం వంచాననుకుంటాను, అలవాటు.

షైనీ నా పక్కనుంచి పెరట్లోకి వెళ్ళింది. గోడ దగ్గర మునివేళ్ళ మీద లేచి దోసిలి పైకెత్తింది. "మరిడమ్మగారూ, ఒక్కసారి చూసి చెప్తారా?"

గోడ అవతల అడుగుల చప్పుడు. ఒకసారి గాలి పీల్చిన చప్పుడు. తర్వాత మరిడమ్మగారి గొంతు. "బావున్నాయమ్మా. తాజాగా ఉన్నాయి."

నేనూ బావున్నాయనే చెప్పేవాణ్ణి.